కారు పెయింట్‌లో తప్పు పడితే ముందు ఏ పొరో తేల్చుకోండి

డోరు మీద క్లియర్ కోట్ (అన్నిటికీ పైన ఉండే రంగులేని మెరుపు పొర) కారి ధార కట్టింది. చేతిలో ఉన్న గుడ్డతో వెంటనే తుడిచేశారు. ధార పోయింది గానీ చుట్టూ అరచేతి మేర క్లియర్ చెదిరి, కింది రంగు కూడా లేచి, ప్రైమర్ బయటపడింది. ఆరనిచ్చి ఉంటే గంటసేపు రుద్దుడుతో పోయే పని అది. ఇప్పుడు ఆ డోరుకి బేస్ కోట్ నుంచి మళ్లీ మొదలు. సొంతంగా కారుకి పెయింట్ వేసుకునేవాళ్లు పెద్దగా నష్టపోయేది ఇలా దిద్దబోయిన తొందరలోనే.

ఏ తప్పునైనా ముట్టుకునే ముందు అది ఏ పొరలో ఉందో తేలాలి. క్లియర్ పైభాగంలో ఉంటే వాటర్ పేపర్, పాలిష్‌లతో పోతుంది. రంగులో ఉంటే ఎంత పాలిష్ పట్టినా పోదు, రంగు మళ్లీ కొట్టాల్సిందే. ప్రైమర్‌లోనో పుట్టీలోనో ఉంటే అక్కడిదాకా దిగాలి. కింది పొర తప్పు మీద కొత్త పెయింట్ వేస్తే అది కొన్నాళ్లు కనిపించకుండా ఉంటుంది, అంతే.

ఇప్పటి కార్లలో చాలావాటికి లోహం మీద ప్రైమర్, దానిపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒకటి, ఒకటిన్నర తెల్లకాగితాల మందం. అందులో క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లు. స్ప్రే గన్‌తో 2కె క్లియర్ (హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రకం) రెండు నిండు కోట్లు కొడితే దాదాపు అంతే వస్తుంది. మామూలు స్ప్రే క్యాన్‌తో కోటుకి వచ్చే మందం అంతకంటే చాలా తక్కువ, కాబట్టి క్యాన్ పెయింట్ మీద రుద్దడానికి ఉన్న వెసులుబాటూ తక్కువే. 1500 నంబరు వాటర్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నున్నన) మొదలుపెట్టి పాలిష్ దాకా వెళ్తే పది మైక్రాన్ల వరకు పోవచ్చు. అంచుల దగ్గర, బాడీ లైన్ల (బాడీ మీది మడత గీతల) మీద పెయింట్ ఎప్పుడూ పలచగానే నిలుస్తుంది. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే పదార్థాలు ఉండేది క్లియర్‌లోనే. మెరుస్తోంది కదా అని దాన్ని బాగా అరగదీస్తే రెండు మూడేళ్లలో ఆ చోటే ముందు పాలిపోతుంది.

పొర తేల్చుకునే పరీక్షలు

డోరు లోపలి అంచులాంటి మరుగు చోట తెల్ల గుడ్డకి లాకర్ థిన్నర్ (పెయింట్‌ని పలచన చేసే ద్రావకం) కొద్దిగా అద్ది, పది పదిహేను సెకన్లు రుద్దండి. పెయింట్ మెత్తబడినా, గుడ్డకి రంగు అంటినా అది 1కె, అంటే హార్డెనర్ లేకుండా థిన్నర్ ఆవిరై గట్టిపడే రకం. చెక్కు చెదరకపోతే బాగా గట్టిపడిన 2కె. దీని మీద కొత్తగా ఏది కొట్టవచ్చో, ఏది కొడితే ముడతలు పడుతుందో ఈ ఒక్క పరీక్ష చాలావరకు చెప్పేస్తుంది.

రెండోది, 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా నాలుగు సార్లు రుద్ది, వచ్చిన నీటి రంగు చూడడం. పాలలా తెల్లగా వస్తే మీరు క్లియర్‌లో ఉన్నారు. కారు రంగు వస్తే ఒకటి, క్లియర్ దాటిపోయారు. లేదా ఆ కారుకి అసలు క్లియర్ లేదు, రంగూ మెరుపూ ఒకే పొరలో ఉన్న రకం. తెల్ల కారయితే ఈ పరీక్ష పనికిరాదు, రెండు నీళ్లూ ఒకేలా ఉంటాయి.

మూడోది వెలుతురు. ఎల్ఈడీ టార్చిని ప్యానెల్‌కి ఏటవాలుగా పట్టుకుని కదపండి. తప్పు తాలూకు నీడ టార్చితోపాటు కదిలితే అది పైతలపు ఎగుడుదిగుడు. ఎటు పట్టుకున్నా మచ్చ మచ్చలాగే ఉంటే అది రంగులో ఉంది.

ఇక ఆగడం. 2కె క్లియర్‌ని సరైన పాళ్లలో కలిపి ఉంటే, 20 నుంచి 25 డిగ్రీల వాతావరణంలో మర్నాటికి రుద్దే స్థితికి వస్తుంది. కొన్ని రకాలకి ఇంకో రోజు కావాలి, డబ్బా మీదో డేటా షీట్‌లోనో రాసి ఉంటుంది. 1కె క్యాన్ పెయింట్‌కి వారం ఇవ్వండి, చల్లటి రోజుల్లో ఇంకా ఎక్కువ. కనిపించని చోట గోరు నొక్కితే గుర్తు పడుతున్నా, ముక్కు దగ్గరపెడితే థిన్నర్ వాసన వస్తున్నా ఇంకా సమయం ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే పేపర్‌కి ముద్దలు కట్టి, ఆ ముద్దలే లోతు గీతలు పెడతాయి. మరీ ఆలస్యమూ మంచిది కాదు. 2కె క్లియర్ వారాలు గడిచేకొద్దీ గట్టిపడి, అదే పనికి రెట్టింపు శ్రమ పెట్టిస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులే అనువైన కాలం.

కారిన ధారలు

గన్ మరీ దగ్గరగా పట్టడం, చెయ్యి నెమ్మదించడం, థిన్నర్ ఎక్కువ కావడం, ప్యానెల్ చల్లగా ఉండడం, మొదటి కోటు ఆవిరి పోకముందే రెండోది కొట్టడం. ధార వీటిలో ఏదో ఒకదాని వల్లే వస్తుంది. ఎక్కువగా డోర్ హ్యాండిల్ కింద, బాడీ లైన్ అడుగున, ప్యానెల్ కింది అంచున కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చెయ్యి మలుపు తిరుగుతూ ఒకే చోట రెండుసార్లు కొడుతుంది.

తడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. ధార బేస్ కోట్‌లో పడితే పూర్తిగా మ్యాట్ (తడి మెరుపు పోయి మసక) అయ్యేదాకా ఆగి, ఇంకొంచెం ఆరనిచ్చి, 800 నంబరుతో చదును చేసి, ఆ చోట మళ్లీ బేస్ కొట్టాకే క్లియర్‌కి వెళ్లండి. మెటాలిక్ రంగయితే ధారలో అల్యూమినియం పొలుసులు కూడా కిందికి జారి ఉంటాయి. చదును చేసినా నల్లని గీతలా కనిపిస్తాయి, కాబట్టి రంగు మళ్లీ పడాల్సిందే.

క్లియర్‌లో పడిన ధార దిద్దడం తేలికే, కాకపోతే ఓపిక కావాలి. చుట్టూ క్లియర్ గట్టిపడినా ధార మందంగా ఉంటుంది కాబట్టి లోపల ఇంకా పచ్చిగానే ఉండవచ్చు. ఇంకో రెండు రోజులు ఆగండి. తర్వాత ధారకి రెండు పక్కలా ఆనించి మాస్కింగ్ టేప్ అంటించండి. పొరపాటున పేపర్ పక్కకి జారినా మంచి క్లియర్‌కి తగలదు. కొత్త రేజర్ బ్లేడు మూలల్ని ఎమరీ మీద గుండ్రంగా అరగదీసి, దాదాపు నిలువుగా పట్టుకుని మీ వైపుకి లాగుతూ గీకండి. ముందుకి తోస్తే బ్లేడు దిగబడుతుంది. ధార ఎత్తు టేపు మందం దగ్గరకి వచ్చాక టేపు తీసేసి, అగ్గిపెట్టె సైజు గట్టి చెక్కముక్కకి 1000 నంబరు చుట్టి, శిఖరం మీద మాత్రమే రుద్దండి. మెత్తటి స్పాంజి బ్లాక్ ఇక్కడ పనికిరాదు. అది ధార ఎత్తునీ పల్లాన్నీ సమానంగా అరగదీస్తుంది.

బ్లేడు పట్టడం భయమైతే ఇంకో దారి ఉంది. ధార మీదా, చుట్టూ రెండు వేళ్ల వెడల్పులో సన్నటి ఫినిషింగ్ పుట్టీ పలచగా పూసి గట్టిపడనివ్వండి. ఇప్పుడు బ్లాక్‌తో రుద్దితే పుట్టీ చుట్టూ ఉన్న క్లియర్‌కి అడ్డుగా నిలుస్తుంది, ముందు ధారే అరుగుతుంది. పుట్టీ ఆనవాలు పూర్తిగా పోయేసరికి తలం సమంగా ఉంటుంది. పెద్ద ధారలకి బ్లేడు కంటే ఇదే మేలు.

సమమయ్యాక 1500, 2000, 3000, ఆపైన కాంపౌండ్ (పేపర్ గీతల్ని తీసే పాలిష్ పేస్టు). ఆ వరుస కింద చెప్పినట్టే.

ఆరెంజ్ పీల్, వాటర్ పేపర్ పని

పెయింట్ చిన్న చిన్న బొబ్బల తలంతో నారింజ తొక్కలా ఆరిపోతే, చుక్కలు ప్యానెల్ మీద పడ్డాక పరుచుకునేంత సమయం దొరకలేదన్నమాట. గన్ దూరం ఎక్కువ, గాలి ఒత్తిడి తక్కువ, పెయింట్ చిక్కన, థిన్నర్ తొందరగా ఆవిరయ్యే రకం, లేదా ఎండలో కాలిన ప్యానెల్. హెచ్‌విఎల్‌పి గన్‌కి (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో చిమ్మే రకం) క్లియర్ కోసం 1.3 మి.మీ. నాజిల్, గన్ దగ్గర సుమారు 2 బార్, అంటే 28, 30 పీఎస్ఐ, 15 నుంచి 20 సెం.మీ. దూరం, ప్రతి గీత ముందు గీతని సగం కప్పేలా. ఇది మంచి మొదలు. క్యాన్ అయితే 25 సెం.మీ. దగ్గర. కారణం పట్టుకోకుండా మళ్లీ కొడితే మళ్లీ అదే తొక్క.

దిద్దే ముందు పక్క ప్యానెల్ చూడండి. ఫ్యాక్టరీ పెయింట్‌కీ కొంచెం ఆ తొక్క ఉంటుంది. ఒక్క డోరుని అద్దంలా చదును చేస్తే, మిగతా కారు పక్కన అదే వేరుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కదానికి సరిపోయేంత వరకే రుద్దడం తెలివైన పని, క్లియర్ కూడా మిగులుతుంది.

పేపర్లని రుద్దేముందు పావుగంటైనా నీళ్లలో నాననివ్వండి. బకెట్ నీళ్లలో రెండు చుక్కల కార్ షాంపూ కలిపితే పేపర్ జారుతుంది, అడ్డుపడదు. ఒక్క ఇసుక రేణువు పడ్డా లోతు గీత పెడుతుంది కాబట్టి బకెట్‌ని నేల మీద పెట్టొద్దు, పేపర్ కింద పడితే ఇక దాన్ని వాడొద్దు. అంచులకి, బాడీ లైన్లకి నాలుగైదు మిల్లీమీటర్ల మేర టేప్ వేసేయండి, ఆ భాగాన్ని చివర్లో చేత్తో 3000 తోనే చూసుకోవచ్చు.

బ్లాక్ లేకుండా వేళ్లతో రుద్దితే వేలి ఒత్తిడి పడ్డ చోట కాలవలు పడతాయి, అవి పాలిష్ తర్వాతే బయటపడతాయి. చదునైన చోట గట్టి రబ్బరు బ్లాక్, వంపు చోట కొంచెం వంగేది. ఐదారు సార్లు నడిపి, రబ్బరు వైపర్‌తో నీరు లాగేసి చూడండి. మ్యాట్ అయిన తలంలో మెరిసే చుక్కలు మిగిలితే అవే పల్లాలు. తొక్క పూర్తిగా పోవాలంటే ఆ చుక్కలు దాదాపు మాయమవ్వాలి. ఏదో ఒకటి రెండు మొండికేస్తే వదిలేయండి. ఆ చుక్క కోసం చుట్టూ క్లియర్ అంతా దిగదీయడం బేరం కాదు.

1500 ఒక దిశలో, 2000 దానికి అడ్డంగా, 3000 మళ్లీ మొదటి దిశలో. దిశ మారిస్తేనే ముందు నంబరు గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. నంబరు మార్చిన ప్రతిసారీ ప్యానెల్, బ్లాక్, చేతులు కడగాలి. 1500 గీత ఒక్కటి మిగిలిపోయినా కాంపౌండ్‌తో అది తేలిగ్గా పోదు, దాని కోసం మళ్లీ వెనక్కి రావాల్సి రావచ్చు. పాలిష్ మీద గంటలు గడిచిపోయే పనుల్లో సగం 2000 దగ్గర రెండు నిమిషాలు తగ్గించినందువల్లే.

పాలిషింగ్ మెషీన్ రోటరీ అయితే 1000 నుంచి 1500 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. ముందు ఊలు ప్యాడ్‌తో కటింగ్ కాంపౌండ్, తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో ఫినిషింగ్ పాలిష్. మెషీన్ ఒకచోట ఆగకూడదు. ప్యానెల్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, చుర్రుమంటే ఆగి చల్లారనివ్వండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి డ్యూయల్ యాక్షన్ (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) మెషీనే క్షేమం, నెమ్మదిగా కోస్తుంది గానీ పెయింట్‌ని కాల్చడం కష్టం.

క్లియర్ ఉన్న కారుకి పాలిష్ చేస్తుంటే ప్యాడ్‌కి కారు రంగు అంటిందంటే క్లియర్ తెగిపోయింది. ఇక పాలిష్ ఆపేయాలి. ఆ చోట బేస్ కూడా అరిగి ఉంటే అక్కడివరకు రంగు కొట్టి, ప్యానెల్ మొత్తాన్ని 800 నుంచి 1000 నంబరుతో మ్యాట్ చేసి మొత్తానికీ క్లియర్ మళ్లీ వేయాలి. ప్యానెల్ నడిమధ్యలో చిన్న వృత్తం మేర క్లియర్ కొట్టి అంచు కలిపేయడం చాలామంది ప్రయత్నిస్తారు. బ్లెండింగ్ థిన్నర్‌తో ఆ రోజుకి అంచు కనిపించకపోవచ్చు. కానీ అక్కడ క్లియర్ మరీ పలచన, ఎండకి కొన్నాళ్లకే ఆ గీత వెంట లేవడం మొదలవుతుంది. క్లియర్‌ని ఎప్పుడూ ప్యానెల్ అంచుదాకా, లేదా ప్లాస్టిక్ పట్టీ, రబ్బరు బీడింగ్ దాకా తీసుకెళ్లండి.

ఇక్కడే ఒక మాట. 2కె హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకి ఒకసారి వాటి అలర్జీ పట్టుకుంటే తర్వాత చాలా కొద్ది మోతాదుకే ఉబ్బసం తిరగబెట్టవచ్చు. వీటికి వాసనతో హెచ్చరిక ఉండదు, కాబట్టి మాస్క్ ఫిల్టర్ అయిపోయిందని వాసన పట్టి తెలుసుకోలేం. గుడ్డ మాస్కూ దుమ్ము మాస్కూ దీనికి పనికిరావు. వృత్తిపనివాళ్లు వాడేది బయటి నుంచి మంచి గాలి అందించే మాస్క్. అది లేకపోతే 2కె క్లియర్ పనిని వృత్తి పెయింటర్‌కి అప్పగించడమే నయం. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. దగ్గర్లో మంట, హీటర్, నిప్పురవ్వ వచ్చే స్విచ్ ఏదీ ఉండకూడదు.

గుంటలు, రంధ్రాలు, రేణువులు

ఇవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ మందు వేరు. భూతద్దం పెట్టి చూడండి. పైకి ఉబ్బిన గింజ అయితే దుమ్ము. అంచు లేచి, అడుగు నున్నగా ఉన్న గుండ్రటి గుంట అయితే ఫిష్ ఐ. సూదితో పొడిచినట్టు కొన మీద రంధ్రం ఉంటే థిన్నర్ బుడగ పగిలిన చోటు.

దుమ్ము రేణువు క్లియర్ పైన ఉంటే చిన్న బ్లాక్‌తో 2000, తర్వాత 3000, పాలిష్, అంతే.

ఫిష్ ఐకి కారణం చాలావరకు సిలికోన్. టైరు నిగనిగలాడే స్ప్రే, డ్యాష్‌బోర్డ్ పాలిష్, తలుపు బిజాగిరీకి కొట్టే లూబ్రికెంట్, కంప్రెసర్ లైన్‌లోని నూనె. పెయింట్ అలాంటి చోట నుంచి వెనక్కి తగ్గి గుంట కడుతుంది. బేస్ కొడుతుండగానే కనిపిస్తే ఆ మీదే ఇంకా తడిగా కొట్టకండి, గుంటలు పెరుగుతాయి. ఆరనిచ్చి, పలచగా పొడిపొడిగా రెండు మూడు పొరలు వేస్తే చిన్నవి పూడుకుంటాయి. క్లియర్‌లో పూర్తిగా ఆరాక కనిపిస్తే గుంట అడుగు పోయేదాకా 800 తో దించి మళ్లీ వేయాలి. పెద్దవైతే ప్రైమర్ దాకా.

అసలు పని శుభ్రంలో ఉంది. గ్రీజు, మైనం తీసే క్లీనర్‌ని రుద్దడానికి ముందే వాడాలి. ముందు రుద్దేస్తే సిలికోన్ ఆ గీతల్లోకి ఇంకా లోతుగా కూరుకుపోతుంది. రెండు గుడ్డలు కావాలి. ఒకదానితో తడిపి, ఆరిపోకముందే రెండోదానితో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కడిది అక్కడికి చేరుతుంది, పోదు. రుద్దడం అయ్యాక ఇంకోసారి. ఫిష్ ఐ రాకుండా పెయింట్‌లో కలిపే మందులు దొరుకుతాయి గానీ వాటిలో చాలావాటిలో ఉండేదీ సిలికోనే. ఒకసారి వాడితే పైన వేసే ప్రతి కోటుకీ అవసరం పడవచ్చు, గన్‌కి కూడా ఆ సిలికోన్ అంటుకుంటుంది. మరో దారి లేనప్పుడు తప్ప వద్దు.

థిన్నర్ రంధ్రాలు మందమైన కోట్ల వల్ల, కోటుకీ కోటుకీ మధ్య ఎడం ఇవ్వనందువల్ల, తొందరపడి హీట్ గన్ పెట్టినందువల్ల వస్తాయి. పైన పొర కట్టేస్తే లోపలి ఆవిరి దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. బేస్ కోట్ల మధ్య మ్యాట్ అయ్యేదాకా, చాలావాటికి ఐదు నుంచి పది నిమిషాలు, క్లియర్ కోట్ల మధ్య పది నుంచి పదిహేను నిమిషాలు ఎడం ఇవ్వాలి. కారు మీద కాకుండా పక్కన మాస్కింగ్ పేపర్ మీద పడ్డ క్లియర్‌ని వేలితో తాకి చూడండి. వేలికి అంటుతూ తీగ సాగితే ఇంకా కాలేదు, జిగటగా ఉన్నా సాగకపోతే రెండో కోటు కొట్టవచ్చు. ఈ రంధ్రాల మీద పాలిష్ పట్టొద్దు, కాంపౌండ్ వాటిలో దిగి తెల్ల చుక్కలుగా మిగులుతుంది. 600 లేదా 800 తో రంధ్రాలు పూర్తిగా పోయేదాకా దించి, మళ్లీ క్లియర్. అప్పటికీ కనిపిస్తుంటే మూలం ప్రైమర్‌లో ఉంది.

పాలరంగు మబ్బులా మసక కమ్మితే అది తేమ. థిన్నర్ ఆవిరవుతూ ప్యానెల్‌ని చల్లబరుస్తుంది, గాల్లోని తేమ దాని మీద దిగుతుంది. 1కె లాకర్ల మీద ఎక్కువ. గాలి పొడిగా ఉన్న రోజు చూసి నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్‌ని పలచగా కొడితే చాలాసార్లు తేటపడుతుంది. లేకపోతే ఆరాక పాలిష్. వాన కురుస్తున్నప్పుడు లాకర్ కొట్టొద్దు అనే మాట అనుభవజ్ఞులు అనవసరంగా చెప్పరు.

మెటాలిక్ చారలు

మెటాలిక్ రంగులో పులి చారల్లా కాంతి తేడాలు వస్తే పొలుసులు ఒక్కో చోట ఒక్కోలా పడుకున్నాయని అర్థం. తడిగా పడ్డ చోట లోపలికి మునిగి ముదురుగా, పొడిగా పడ్డ చోట పైకి తేలి లేతగా కనిపిస్తాయి. దీన్ని వాటర్ పేపర్‌తో దిద్దాలని చూడొద్దు. పొలుసుల్ని కోస్తే ఆ చోట మచ్చ ఖాయం. దుమ్ము గింజ తీయడానికి 1000 తో తాకినా ఆ మీద మళ్లీ బేస్ వేయాలి.

క్లియర్ వేయకముందే కనిపిస్తే అదృష్టం. బేస్ మ్యాట్ అయ్యాక గన్‌ని 25, 30 సెం.మీ.కి జరిపి, ఒత్తిడి కొద్దిగా తగ్గించి, ముప్పావు వంతు కప్పేలా పలచటి తుంపర కోటు మొత్తం ప్యానెల్ మీద వేయండి. తర్వాత దానికి అడ్డదిశలో ఇంకోటి. చారలు కలిసిపోతాయి. క్యాన్ అయితే బంతి శబ్దం మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపి, ప్యానెల్ రాకముందే నొక్కడం మొదలుపెట్టి, ప్యానెల్ దాటాక వదలండి. చల్లని క్యాన్ పెద్ద చుక్కలు ఉమ్ముతుంది, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే చాలు. మంట దగ్గర పెట్టొద్దు, 50 డిగ్రీలు దాటనివ్వొద్దు.

క్లియర్ వేసేశాక చూసుకుంటే ప్యానెల్ మొత్తం 800 తో మ్యాట్ చేసి, బేస్, తుంపర కోటు, క్లియర్ అన్నీ మళ్లీ.

రంగు సరిపోకపోవడం వేరే సంగతి. ఒకే కలర్ కోడ్‌కి రెండు మూడు ఛాయలు ఉంటాయి, పాత పెయింట్ ఎండకి మారి ఉంటుంది. ముందుగా ఒక అట్టముక్క మీద ప్రైమర్, బేస్, క్లియర్ అన్నీ కొట్టి, పగటి వెలుగులో కారు పక్కన మూడు కోణాల్లో పెట్టి చూసుకోండి. తేడా చిన్నదైతే పక్క ప్యానెల్‌లోకి రంగుని పలచబరుస్తూ కొంత దూరం తీసుకెళ్లి, రెండు ప్యానెళ్లకీ పూర్తిగా క్లియర్ వేస్తే కంటికి ఆనదు.

ముడతలు, పొట్టు లేవడం

పైన కొట్టగానే పెయింట్ మొసలి చర్మంలా లేస్తే, కొత్త పెయింట్‌లోని థిన్నర్ కింద సగం గట్టిపడిన పొరని కొరికిందన్నమాట. ఎనామెల్ క్యాన్ల మీద ఇది మామూలే. అందుకే చాలా క్యాన్ల మీద గంటలోపు రెండో కోటు వేయండి, లేదా 24 గంటలో 48 గంటలో ఆగండి అని ఉంటుంది. ఆ మధ్యకాలమే ప్రమాదం. ముడతల మీద ఇంకో కోటు వేసి దాచాలనుకోవద్దు. గట్టిపడనిచ్చి, ముడతపడ్డదంతా 320 తో మంచి పొర తగిలేదాకా తీసేసి, అంచుల్ని వేలికి తెలియనంత ఏటవాలుగా చేసి, 2కె ఎపాక్సీ ప్రైమర్‌తో మూసి, అప్పుడు రంగు. కింద ఉన్నది థిన్నర్‌కి కరిగే 1కె అని తేలితే దాన్ని పూర్తిగా తీసేయడమే నయం.

క్లియర్ పొట్టులా రేకులుగా ఊడితే దాన్ని పాలిష్ కాపాడదు. బేస్ కొట్టి రెండు రోజుల తర్వాత తీరిగ్గా క్లియర్ వేయడం, పాత క్లియర్‌ని మ్యాట్ చేయకుండా దాని మీదే కొట్టడం సాధారణ కారణాలు. మంచి టేప్ గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. ఊడితే ఆ ప్యానెల్ మీద గట్టిగా ఉన్నట్టు కనిపించేదీ నమ్మదగింది కాదు, మొత్తం తీయాలి.

బంపర్ సంగతి వేరు. వెనక వైపు పీపీ అనే అక్షరాలు ముద్రించి ఉంటే అది పాలీప్రొపిలీన్, దాని మీద మామూలు ప్రైమర్ పట్టదు. ప్లాస్టిక్ ప్రైమర్, అంటే అడ్హెషన్ ప్రమోటర్, పలచగా ఒకటి రెండు కోట్లు ముందు పడాలి. అది మరిచి వేసిన పెయింట్ ప్రెషర్ వాషర్ కింద పెద్ద పెద్ద రేకులుగా లేస్తుంది. ఊడిన చోటే అతికించడం వృథా, బంపర్ మొత్తం గీకి మొదలుపెట్టండి.

హార్డెనర్ పాళ్లు తప్పి క్లియర్ మెత్తగా ఉండిపోతే ఎన్ని రోజులాగినా పూర్తి బలం రాదు. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోయడం కూడా అదే తప్పు. ఆ క్లియర్‌ని తీసేయాల్సిందే.

మిగతావి చిన్నవి. పుట్టీ వేసిన చోటు చుట్టూ ఉంగరంలా గీత తేలితే పాత పెయింట్ అంచు సరిగా పలచబడలేదని అర్థం, ప్రైమర్ నుంచి దిద్దాలి. పుట్టీని ఎప్పుడూ తడిగా రుద్దొద్దు, నీరు పీల్చుకుని నెలల తర్వాత బొబ్బలు లేపుతుంది. టేప్ గీత గట్టుగా నిలిస్తే 1500 తో ఒక వైపుకే రుద్దాలి, ఈసారి టేప్‌ని సగం మడిచి వేయండి. అద్దాల మీద పడ్డ తుంపర బ్లేడుతో, పక్క ప్యానెళ్ల మీదిది క్లే బార్‌కి (పైన అంటినదాన్ని లాగేసే బంకముద్దకి) బాగా లూబ్రికెంట్ కొట్టి తీయాలి.

పాలిష్ పూర్తయ్యాక నెల రోజుల దాకా మైనం, సీలెంట్ వేయొద్దు. లోపల మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. ఆ నెలలో మెరుపు కొంచెం తగ్గి, రుద్దిన గీతలు మళ్లీ సన్నగా తేలవచ్చు, పెయింట్ కుంచించుకోవడం వల్ల. అప్పుడు మళ్లీ వాటర్ పేపర్ తీయకండి. ఫోమ్ ప్యాడ్ మీద ఫినిషింగ్ పాలిష్ ఒక్కసారి సరిపోతుంది.